సర్వేకి వెళ్తే ‘తల్లికి వందనం’ అడిగారు

2024లో డైట్‌లో, అంటే జిల్లా ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, డి.ఎడ్. చదువుతుండగా ‘అసర్’ సర్వేకి మాలో కొందర్ని పంపారు. పల్లెల్లో పిల్లలు ఏమాత్రం చదవగలరో, లెక్కలు చేయగలరో చూసే సర్వే అది. నడిపేది ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ, ఇల్లిల్లూ తిరిగేది మాలాంటివాళ్లం. శిక్షణ ఇచ్చి, సర్పంచ్‌కి చూపించమని ఓ లెటర్ చేతిలో పెట్టారు. నాకూ నా జోడీకీ పి.గన్నవరం వైపు లంక ఊరు పడింది.

బడి చూడటం తేలిగ్గానే అయిపోయింది. తిప్పలన్నీ ఇళ్ల దగ్గరే. ఊరిని నాలుగు భాగాలు చేసుకుని, ఒక్కో భాగంలో ఎడమచేతి వైపు నడుస్తూ ప్రతి ఐదో ఇల్లు చొప్పున ఐదేసి ఇళ్లు, మొత్తం 20 చూడాలి. వరసగా ఇళ్లుండే ఊళ్లో అయితే సరే. ఇక్కడ కొబ్బరితోటలో ఒకటి, బోదె దాటితే ఇంకోటి. పైగా ఒకే కప్పు కింద అన్నదమ్ములిద్దరుంటే పొయ్యిలు ఎన్నో కూడా అడగాలి. పొయ్యి వేరైతే కుటుంబం వేరే.

“ఆయ్, తల్లికి వందనం ఎప్పుడు పడుద్దండి?” ఏ అరుగెక్కినా, బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం డబ్బులేసే ఆ పథకం మాటే. మేం ప్రభుత్వం మనుషులం కామంటే, “మరి మా పిల్లల పేర్లు మీకెందుకండీ?” డైట్‌లో చదువుతున్నామంటే మళ్లీ ప్రభుత్వం వాళ్లమే! సర్కారూ సంస్థా కలిసి పనిచేయడం కాగితం మీద బాగానే ఉంటుంది, గుమ్మంలో నిలబడి సమాధానం చెప్పుకోవాల్సింది మాత్రం మేమే. చివరికి, “దీనివల్ల ఏ పథకమూ రాదు, ఉన్నదేదీ పోదు” అని ముందే చెప్పేయడం మొదలెట్టాం. అప్పట్నుంచి పని నడిచింది.

ఓ ఇంట్లో ఐదో తరగతి పిల్లాడు. ముందు పేరా ఇస్తాం. చదవలేకపోతే మాటలకి, ఆపైన అక్షరాలకి దిగుతాం. చదివేస్తే రెండో తరగతి స్థాయి కథ. వాడు వేలు పెట్టి చదువుతూ, ఒత్తు వచ్చినచోటల్లా ఆగి వాళ్లమ్మ మొహం చూస్తున్నాడు. నాయనమ్మ పక్కనుంచి అందించేస్తోంది. నా జోడీ కొబ్బరికాయల రేటు అడుగుతూ ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్లాడు. మిగతా పేరా పిల్లాడు ఒక్కడే, మెల్లగా లాక్కొచ్చాడు. తీసివేతలు మాత్రం చకచకా చేసేశాడు.

అదే ఏడాది డిసెంబరు 4న కేంద్ర ప్రభుత్వం కూడా పిల్లల చదువు ఎలా ఉందో చూసే పరఖ్ సర్వేని 3, 6, 9 తరగతులకి బడుల్లోనే పెట్టింది. బడికి రాని పిల్లాడు అందులో ఎక్కడ కనపడతాడు? రెండూ ఉండాల్సిందే అంటాను.

2025 జనవరి 28న అసర్ నివేదిక వచ్చింది. 605 జిల్లాల లెక్క అది. సర్కారు బడుల మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద పల్లెల్లో 23.4 శాతం, 2022లో 16.3. ఆ ఊరి హెడ్మాస్టారు ఫోన్ చేసి, “మా ఊరికి ఎంతొచ్చిందయ్యా?” అన్నారు. ఊరి లెక్క వేరే ఇవ్వరు. 20 ఇళ్లు చూసి ఊరికి మార్కులెయ్యడం కుదరదు, జిల్లాకి 30 ఊళ్లు కలిపితేనే ఏదైనా చెప్పగలం. ఆ మాటే చెప్పాను. “అయితే ఆ పేరా, కథ ఉన్న కాగితం పంపు, మా మూడో తరగతికి నేనే పెట్టుకుంటా” అన్నారు. వాట్సాప్‌లో పంపాను.