మోజెల్ వాలుల మీద తీపి లేని రీస్లింగ్ వెతుక్కుంటూ

రీస్లింగ్ ఒక తెల్ల ద్రాక్ష రకం. ఆ మాట వినగానే తియ్యటి వైన్ అనుకునేవాళ్లు మనలో చాలామంది. మన దగ్గరికి వచ్చే సీసాలు ఎక్కువగా ఆ రకమే కావడం వల్ల ఆ పేరు పడింది. జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున అదే ద్రాక్షతో తీపి లేని వైన్ కూడా తీస్తారు. సెప్టెంబర్ చివర్లో మేం అక్కడికి వెళ్లింది దానికోసమే. అప్పటికి కోత మొదలవుతూ ఉంటుంది, తోటల్లో పని కళ్లారా చూడొచ్చు. అక్టోబర్ నడిమికి వస్తే మాత్రం రైతులకు మాట్లాడే తీరిక ఉండదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, రైల్లో కోబ్లెంజ్ చేరి, అక్కడ ట్రియర్ వైపు పోయే బండి ఎక్కాలి. బుల్లైలో మారితే ఒక చిన్న లైన్ నది పక్కనే ట్రాబెన్-ట్రార్బాఖ్ దాకా పోతుంది. అక్కడి నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్‌కి బస్సు ఉంది. కారు తీసుకోకపోవడమే మంచిది. రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి 0.5 వంతు చేరితే అక్కడ డ్రైవింగ్ నేరం, రోజంతా రుచి చూసేవాళ్లకి ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు.

బుల్లై కంటే ముందే ఎడిగర్-ఎల్లర్ స్టేషన్‌లో దిగి కాల్మాంట్ వాలు చూడండి. కొన్నిచోట్ల 65 డిగ్రీల ఏటవాలు. ఐరోపాలో ఇంతకంటే నిటారు తోట లేదని చెప్తారు. బ్రెమ్ ఊరి వైపు తోటల మధ్య నుంచే కాలిబాట వెళ్తుంది, మధ్యమధ్యలో ఇనుప నిచ్చెనలు, పట్టుకోవడానికి ఉక్కు తాళ్లు. వాన పడిన రోజు ఆ బాట జోలికి పోవద్దు, తడిసిన రాతిపెంకులు కాలికింద జారిపోతాయి.

ఇంత కష్టమైన చోట ఎందుకు నాటారంటే, ఈ లోయ ఉన్నది 50వ ఉత్తర అక్షాంశం దగ్గర, చలి ఎక్కువ. సమతల నేలలో రీస్లింగ్ ఇక్కడ సరిగా పండదు. ఈ రకం ఆలస్యంగా పక్వానికి వస్తుంది, శరదృతువులో దొరికే ప్రతి ఎండపూటా దానికి అవసరమే. దక్షిణానికో నైరుతికో తిరిగిన వాలు మీద తక్కువ ఎత్తులో ఉన్న సూర్యుడి కిరణాలు దాదాపు నేరుగా పడతాయి. కింద నేలంతా పలకరాయి. చిన్నప్పుడు బలపంతో అఆలు దిద్దిన పలకలాంటి రాయే, ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంటుంది. పగలు వేడెక్కి రాత్రి ఆ వేడిని వదులుతుంది, వాన నీటిని నిలవనివ్వదు. వానలకి కిందికి కొట్టుకొచ్చిన పెంకులని మళ్లీ పైకి మోయాల్సిందే.

బెర్న్‌కాస్టెల్-కూస్ దగ్గరి వేలెన్ ఊరికి ఎదుటి ఒడ్డున జోనెనూర్ తోట ఉంది. 1842లో అక్కడి వైన్ కుటుంబీకుడు యోడోకస్ ప్రూమ్ ఆ తోటలోని బండ మీద కట్టించిన సూర్యగడియారం పేరే తోటకి వచ్చింది. వంతెన దాటి ఆ వాలు ఎక్కితే తీగల్ని దగ్గరగా చూడొచ్చు. పందిరి లేదు, తీగలు పాకించే వరస కంబీలు లేవు. పాత తోటల్లో ఒక్కో మొక్కకి ఒక్క గుంజ. కత్తిరింపులో రెండు కొమ్మలే ఉంచి, వాటిని చెరోవైపు కిందికి వంచి గుంజకే కట్టేస్తారు. అప్పుడు మనిషి ఏ వైపు నుంచైనా మొక్క చుట్టూ తిరగగలడు, వాలు మీద అడ్డంగా నడవడానికీ దారి ఉంటుంది. ట్రాక్టర్ ఎక్కదు. మనుషులూ పెట్టెలూ ఎక్కేది ఒకే రైలు పట్టా మీద గేరు చక్రంతో పాకే చిన్న బండి మీద. అది లేని చోట బుట్ట భుజానికే. సీసా ధర చూసి ఎక్కువనిపించినవాళ్లు ఆ వాలు ఒక్కసారి ఎక్కి దిగితే చాలు.

తీపి లేని వైన్‌కి కోతే కీలకం. కాయలు ఆరోగ్యంగా ఉండాలి. బూజు పట్టిన కాయలు తియ్యటి వైన్‌లో తేనె వాసన తెస్తాయి, తీపి లేనిదాంట్లో అవి చేదు, పుట్టగొడుగు వాసన తెచ్చిపెడతాయి. అందుకే గుత్తిలో చెడ్డ భాగం కత్తెరతో అక్కడికక్కడే తీసేస్తారు. తొందరపడి కోస్తే పులుపు పళ్లు జివ్వుమనేలా ఉంటుంది, దాన్ని కప్పడానికి తీపి ఉండదు కదా. మరీ ఆలస్యం చేస్తే చక్కెర పెరిగి, అదంతా ఆల్కహాల్‌గా మారి వైన్ బరువెక్కుతుంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ ఇస్తుంది. ఈ లెక్క గుర్తుంటే లేబుల్ చదవడం తేలిక.

నేలమాళిగలో పాతకాలపు పీపా పేరు ఫూడర్, పట్టేది సుమారు 1000 లీటర్లు. ఎన్నో ఏళ్లు వాడిన చెక్క కాబట్టి వైన్‌కి చెక్క వాసన అంటదు. చలి ముదిరితే ఈస్ట్ మందగించి పులియడం మధ్యలో ఆగిపోతుంది, చక్కెర మిగిలిపోతుంది. ఒకప్పుడు మోజెల్ వైన్లలో తీపి మిగలడానికి ఇదీ ఒక కారణమే. ఇప్పుడు కావాలంటే తొట్టెని వేడి చేసి ముగింపు దాకా నడిపిస్తారు. ఎండలు పెరిగిన ఈ కాలంలో కాయలు బాగా పండుతున్నాయి కాబట్టి తీపి లేని రకం తీయడం మునుపటికంటే సులువైంది.

లేబుల్ మీద ట్రోకెన్ అని ఉంటే తీపి లేనిది. చట్టం ప్రకారం లీటరుకి 4 గ్రాముల దాకా చక్కెర ఉండొచ్చు. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా వెళ్లొచ్చు, అయితే పులుపు ఆ చక్కెర కంటే 2 గ్రాములకి మించి తగ్గకూడదు. అంటే 9 గ్రాముల చక్కెరకి కనీసం 7 గ్రాముల పులుపు. ఫైన్‌హెర్బ్ అని ఉంటే కాస్త తీపి ఉంటుంది, దానికి చట్టం కొలత పెట్టలేదు. ఏ మాటా కనబడకపోతే ఆల్కహాల్ అంకె చూడండి. 8 శాతమైతే తియ్యనిది, 12 దగ్గరుంటే తీపి దాదాపు లేనిది. కాబినెట్, ష్పేట్‌లేజె అనే మాటలు కోసిననాటి పక్వాన్ని చెప్తాయే తప్ప సీసాలో తీపి ఎంతో చెప్పవు. కొనేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

రుచి చూడాలంటే ముందే ఫోన్ చేసి వెళ్లాలి. రైతులే ఏడాదికి నాలుగు నెలలకి మించకుండా, 40 సీట్లకి మించకుండా సొంత వైన్ అమ్ముకునే చిన్న హోటళ్లు కూడా ఉన్నాయి, వాటికి ఫోన్ అక్కర్లేదు. ఎక్కడైనా తీపి లేనివి ముందు, తియ్యనివి తర్వాత. ఉమ్మడానికి గిన్నె ఇస్తారు, వాడితే ఎవరూ తప్పు పట్టరు. మేం ఒకే రైతు దగ్గర ఒకే ఏడాది వైన్లు రెండు పక్కపక్కన అడిగాం. వేలెన్ నీలి పలకరాయి మీదది నిమ్మతొక్క, పచ్చి పీచ్ వాసనతో సన్నగా, సూటిగా ఉంది. ఊర్జిగ్ అనే ఊరి ఎర్రరాతి మీదది మసాలా ఘాటుతో కొంచెం నిండుగా ఉంది. ఇద్దరు ముగ్గురు వెళ్తే ఇలా జంటలుగా అడగండి, నేల తేడా అప్పుడే నాలుకకి తెలుస్తుంది. మరీ చల్లగా ఇస్తే గ్లాసు అరచేతుల్లో పట్టుకుని కాసేపు ఆగాలి. 10 డిగ్రీల దగ్గర వాసన విచ్చుకుంటుంది. పాత సీసాల్లో పెట్రోలు లాంటి వాసన వస్తుంది, అది పాడవడం కాదు, వయసు మీదపడ్డ రీస్లింగ్ సహజ లక్షణం. అడుగున గాజు పలుకుల్లా కనబడేవి టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలు, హాని లేదు.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు మన కస్టమ్స్ సుంకం లేకుండా అనుమతించేది మనిషికి 2 లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు సరిపోతాయి, మూడోది గీత దాటుతుంది. చెక్‌ఇన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మే నెల అటక మీద ఉంచితే ఆ వేడికి వైన్ ఉడికి, పండు వాసనంతా పోతుంది. చల్లని చోటు లేకపోతే ఫ్రిజ్ అడుగు అరే మేలు.

భోజనంతో తాగేవాళ్లకి ఒక్క మాట. కారంతో ఆల్కహాల్ కలిస్తే నోట్లో మంట పెరుగుతుంది. ఆవకాయ, గుంటూరు కారంతో చేసిన కోడివేపుడు ఉన్న పళ్లెం పక్కన 12.5 శాతం ట్రోకెన్ పెట్టకండి, దానికి ఫైన్‌హెర్బే కుదురుతుంది. ట్రోకెన్‌కి ఉప్పు, పసుపు, కొద్దిపాటి మిరియాలతో వేయించిన కొరమీను ముక్క బాగుంటుంది. అప్పుడు పైన నిమ్మకాయ పిండక్కర్లేదు, ఆ పులుపు గ్లాసులోనే ఉంటుంది.