రంగును నమ్మకండి, ఎగ్జాస్ట్ చూడండి

మ్యూజియంలో ఉన్న పాత ఫైటర్ (యుద్ధ విమానం) మీది రంగునీ నంబర్నీ నమ్ముకుంటే తరచూ పొరబడతాం. బాగుచేసి రంగులేసేటప్పుడు ఎవరో పేరున్న పైలట్ నడిపిన విమానం గుర్తులే తెచ్చి దీనిమీద వేస్తుంటారు. రంగు మార్చినంత సులువుగా లోహం ఆకారం మారదు. కాబట్టి గుర్తుపట్టడానికి పనికొచ్చే ఫొటోలు ముందు, అందమైనవి తర్వాత.

మెసర్‌ష్మిట్ 109నే చూడండి, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన ఫైటర్ అది. శిలువ గుర్తులు, పసుపు ముక్కు అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎగ్జాస్ట్ గొట్టాల వరుస ఏ ఎత్తులో ఉందో గమనించండి. డైమ్లర్-బెంజ్ ఇంజిన్‌లో సిలిండర్లు కిందివైపుకి ఉంటాయి, అందుకే ఆ వరుస ముక్కు పక్కన బాగా దిగువన కనిపిస్తుంది. అదే వరుస పైన ఉండి, ముక్కు కింద గడ్డంలా ఉబ్బితే, అది స్పెయిన్‌లో కట్టిన 109 రకం, పేరు బుచోన్. లోపల ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్. ముక్కు ఎత్తులో కెమెరా పట్టుకుని సరిగ్గా పక్కనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఇది తేలిపోతుంది.

బ్రిటన్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కి మాత్రం వంగి రెక్కల కింద చూడాలి. దాని రకాల్ని మార్క్ నంబర్లతో చెబుతారు. మార్క్ 5లో ఎడమ రెక్క కింద చిన్న ఆయిల్ కూలర్, కుడి రెక్క కింద పెద్ద రేడియేటర్. మార్క్ 9లో రెండువైపులా ఒకే సైజు. మార్క్ 14కి మెర్లిన్ బదులు గ్రిఫన్ ఇంజిన్, 5 బ్లేడ్ల ప్రొపెల్లర్. కానీ ప్రొపెల్లర్ విప్పి మరొకటి బిగించొచ్చు, దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోకండి. మార్క్ 9కీ 16కీ అసలు తేడా ఇంజిన్‌లో ఉంది. 16లోది అమెరికాలో ప్యాకార్డ్ చేసిన మెర్లిన్. బయటి ఆకారం చూసి ఈ రెండింటినీ విడదీయడం కష్టం.

సోవియట్ జెట్ ఫైటర్లు మిగ్-15, మిగ్-17 దగ్గర రెక్క పైభాగంలో నిలువుగా ఉండే పలకలు లెక్కపెట్టండి. ఒక్కో రెక్కకి 2 ఉంటే 15, 3 ఉంటే 17. పై అంతస్తులో బాల్కనీ ఉంటే ఈ ఫొటో అక్కణ్ణుంచే తీయాలి.

లెన్స్ విషయంలో తొందరపడకండి. 24 ఎం.ఎం.తో ముక్కు దగ్గర నిలబడి తీస్తే ముక్కు ఉబ్బి, తోక కుంచించుకుపోయి, కొలతలన్నీ తప్పుతాయి. వెనక్కి జరిగే చోటుంటే 50 ఎం.ఎం. మేలు. ఎల్‌ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫొటోలో అడ్డచారలు పడొచ్చు. మెకానికల్ షట్టర్ పెట్టి, 50 హెర్ట్జ్ కరెంటున్న చోట 1/50 సెకను దగ్గర ఉంచండి. కాక్‌పిట్ గాజు మీది మెరుపుని లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ తగ్గిస్తుంది. రంగు వేయని అల్యూమినియం మీద అది దాదాపు పనిచేయదు, పైగా ఒకటిన్నర స్టాప్, అంటే సగం కన్నా ఎక్కువ వెలుతురు తినేస్తుంది.

చివరగా తయారీ ప్లేటు, అంటే నంబరు గుద్ది ఉండే లోహపు రేకు. కాక్‌పిట్‌లోనో, చక్రాలు ముడుచుకునే గూట్లోనో కనిపించవచ్చు. ఫ్లాష్ నేరుగా కొడితే అంకెలు తెల్లగా అలుక్కుపోతాయి. ఫ్లాష్ ఆపేసి, చిన్న టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోండి. గుద్దిన అంకెల గుంటల్లో నీడ పడి ఒక్కో అంకె విడిగా తేలుతుంది. అయితే ఆ ప్లేటు ఏ భాగం మీదుందో కనిపించేలా కాస్త దూరం నుంచి ఇంకో ఫొటో తీయండి. రెండు మూడు విమానాల ముక్కలు కలిపి నిలబెట్టినవాటిలో, ఆ నంబరు ఆ ఒక్క ముక్కదే కావచ్చు.