రేకుల మీద లేని వరుసలు

ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు జరిగే తాళ్లపాక అన్నమాచార్యుల వర్ధంతి సభలలో ముందుగా వినిపించేది ఒక లెక్క. ఆయన పాడినవి 32,000 సంకీర్తనలని, మనకు దక్కినవి సుమారు 14,000 అని చెప్పి, తక్కినవి పోయాయని నిట్టూరుస్తారు. ఆ దుఃఖం నాకూ ఉన్నది. ద్విపద రామాయణం దొరకలేదు. సంస్కృతంలో ఆయన రచించిన సంకీర్తన లక్షణమనే గ్రంథం, మనుమడు చినతిరుమలాచార్యుల తెలుగు సేత వల్లనే మనకు తెలుస్తున్నది. అయినా నా మనస్సు పోయిన పాటల మీద కంటె, ఉన్న పాటలలో లేనివాటి మీదనే ఎక్కువగా నిలుస్తుంది.

తిరుమల ఆలయంలో హుండీకి ఎదురుగా ఉన్న సంకీర్తన భండారం నుంచి వెలువడిన రాగిరేకుల మీద పాటకు రాగం పేరున్నది, సాహిత్యమున్నది, స్వరం మాత్రం లేదు. తండ్రి గానాన్ని చెవులారా విన్న పెదతిరుమలాచార్యులు చెక్కించిన రేకులలో సైతం ఆ వరుస, అంటే పాట బాణీ, నిలువలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు వంటి విద్వాంసులు కొత్తగా స్వరపరచినందువల్లనే ఆ పాటలు మన చెవిన పడ్డాయి. దీనిని నేను లోపమని అనుకోలేను. ప్రతి తరమూ తన ఊపిరిని తానే తెచ్చి స్వామికి సమర్పించుకోవాలని ఆ చోటు మన కోసం విడిచి ఉంచినట్లు తోస్తుంది.

అంతకంటె లోతైన లేమి మరొకటి ఉన్నది. త్యాగరాజస్వామి తమ కృతులలో తమ పేరునే ముద్రగా, అంటే పాట చివర సంతకంలా, నిలిపారు. అన్నమయ్య చివరి చరణంలో ఆ స్థానాన్ని వేంకటేశ్వరునికి ఇచ్చారు. జీవితమంతా పాడిన వ్యక్తి, తన పేరు ఉండదగిన చోట స్వామి పేరు పెట్టి తాను తప్పుకున్నారు. “నానాటి బతుకు నాటకము, కానక కన్నది కైవల్యము” అన్న పల్లవి పాడుకున్నప్పుడల్లా నాకు ఆ తప్పుకోవడమే గుర్తుకు వస్తుంది. పాడినవారు కనబడరు, పాడించుకున్నవాడే కనబడతాడు.

స్వామి పేరున్న ఇంతటి చివరి చరణాన్ని మన సభలలో సమయం చాలదని కోసివేస్తున్నారు. ఒక ఆలయంలో చిన్నపిల్లలు పల్లవి, ఒక చరణం పాడగానే నిర్వాహకులు చప్పట్లు కొట్టించి దింపివేయడం చూసి నా మనస్సు కలతపడింది. ఉపన్యాసానికి దొరికిన కాలం స్వామి పేరుకు దొరకలేదు. కాలం కాజేసినది మన చేతిలో లేదు. రాగిరేకు ఇన్ని శతాబ్దాలు భద్రంగా మోసుకొచ్చిన దానిని మన నోటితో మనమే పోగొట్టడం మాత్రం అపచారం.

మా అమ్మ వరుస తెలియని సంకీర్తనలను కూడా తెల్లవారుజామున తనకు తోచిన రాగంలో ముద్ర చరణం వరకు చదివిగాని లేచేది కాదు. శ్రుతి కుదరకపోయినా ఫరవాలేదు. రాబోయే ద్వాదశికి ఎవ్వరూ స్వరపరచని పాట ఒకటి ఎంచుకొని, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, అన్ని చరణాలూ చదివించండి. స్వామి పేరు వచ్చేదాకా ఆపకండి.