నైంనగర్‌లో మా చెల్లె పార్లర్

హన్మకొండ నైంనగర్‌లో పార్లర్ పెట్టడానికి షట్టర్ దొరికిందని మా చెల్లె ఫోన్ చేసినప్పుడు నేను షార్జాలో ఒక పెద్దావిడ కాళ్లు టబ్బులోంచి తీసి తుడుస్తున్నాను. ఫోన్ ఎత్తలేకపోయాను. రాత్రి పదకొండున్నరకు రూముకు చేరాక వాయిస్ మెసేజ్ విన్నాను.

“అక్కా, కిరాయి మాట్లాడినం. అద్దాలు, లైట్లు, ఏసీ అన్నీ పెట్టిస్తున్న. కొత్త పార్లర్ కదా, వచ్చేటోళ్లకు ఏం కావాలెనో నువ్వే చెప్పాలె. అన్నేండ్లు అక్కడ చేసినవ్ గదా.”

ఆ మెసేజ్ నాలుగైదుసార్లు విన్నాను. పదేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఈ నెల టార్గెట్ ఎంతయిందని మాత్రం ప్రతి నెలా అడిగారు.

మాది పరకాల దగ్గర ఊరు. మా బాపు వేపచెట్టు కింద పెట్టె పెట్టుకుని క్షవరం చేసేవాడు. ఊళ్లో చాలా ఇళ్లు ఏడాదికింతని వడ్లు కొలిచేవి. సాయంత్రం ఇంటికి వచ్చి కత్తులు నూరుకుంటూ ఎన్నో ముచ్చట్లు చెప్పేవాడు కానీ, ఫలానా ఆయన నెత్తి మీద గజ్జి ఉందని, ఫలానా ఆయనకు బట్టతల వస్తోందని మాత్రం అవ్వతో కూడా అనేవాడు కాదు. “ఎవరి నెత్తి ఎట్లుందో మనకెరుకైతది, ఇంకొకలకు ఎరుక కావొద్దు” అనేవాడు. నేను హన్మకొండ చౌరస్తా దగ్గర పార్లర్‌లో పని నేర్చుకుని, 2015లో షార్జా వెళ్లాను. మా దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయేది ఎక్కువగా మగవాళ్లే. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు దాదాపు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. ఆడపిల్ల ఒక్కతే పోతుందంటే ఊళ్లో చాలా మాటలు అన్నారు. పదో తరగతి పాసయ్యాను కాబట్టి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేకపోయింది. మిగతా టెన్షన్లన్నీ ఉండనే ఉన్నాయి.

మొదటి సెలూన్‌లో మూడేళ్లు చేశాను. జీతం బ్యాంకు కార్డులో పడేది. తర్వాత అందులో కొంత తిరిగి చేతికి ఇమ్మనేవాళ్లు. ఆ సంగతి మళ్లీ తలచుకోవాలని లేదు. చెల్లెకు చెప్పాల్సింది మాత్రం అక్కడే నేర్చుకున్నాను. ఐబ్రోస్ కోసం వచ్చిన మనిషిని ఫేషియల్ దాకా తీసుకెళ్తేనే మాకు కమిషన్. ఏమీ అక్కర్లేదనుకుంటూ వచ్చిన మనిషికి ఏదో లోటుందని చూపించాలి. అందుకు అద్దం చాలు. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు మొహం మీద వేసి, “మేడమ్, ట్యాన్ బాగా ఉంది” అంటే సగం పని అయిపోయినట్టే.

2016లో ఒక గురువారం సాయంత్రం. అప్పట్లో అక్కడ శుక్రవారం సెలవు, గురువారం రాత్రి ఊపిరి సలపనంత పని ఉండేది. 2022 జనవరి నుంచి సెలవు శని, ఆదివారాలకు మారింది. షార్జాలోనైతే శుక్రవారం కూడా కలిపి మూడు రోజులు చేశారు. ఆ రోజు మన తెలుగు అమ్మాయి ఒకామె వచ్చింది. కరీంనగర్ పిల్ల, పెళ్లయి నాలుగు నెలలు. నన్ను చూసి, తెలుగు విని, మొహం విప్పారింది. “అక్కా, ఐబ్రోస్ ఒక్కటే” అంది. నేను ముక్కు మీద బ్లాక్‌హెడ్స్ చూపించాను. నుదుటి మీద ట్యాన్ చూపించాను. కళ్ల కింద నలుపు, పై పెదవి మీద నూగు కూడా చూపించాను. పాపం, సరే అంది. ఎంతవుతుందని అడగలేదు, నేనూ చెప్పలేదు. గంటన్నర తర్వాత కౌంటర్ దగ్గర నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. నాకు ఆ వారం కమిషన్ బాగా వచ్చింది. ఆమె మళ్లీ రాలేదు.

మరుసటి ఏడాది మనవాళ్లందరూ కలిసి ఒక హాల్లో బతుకమ్మ ఆడారు. పూలు దొరకక ప్లాస్టిక్ పూలు కూడా కలిపి పేర్చాం. అక్కడ ఆమె కనిపించింది. నేనే పలకరించి, మళ్లీ రాలేదేమని అడిగాను. కాసేపు ఊరుకుని, “నువ్వు నా మొహంల వంకలన్నీ లెక్కవెట్టినవ్ గదా అక్కా. ఇంటికి పోయి వారం దాకా అద్దం చూసుకోలే” అంది. కోపంతో అనలేదు. కోపంగా అని ఉంటే ఇంతగా గుర్తుండేది కాదేమో. ఆ రాత్రి నాకు మా బాపు మాట గుర్తొచ్చింది. మన చేతిలో తల పెట్టి కళ్లు మూసుకున్న మనిషిని నేను ఏం చేశాను?

2018లో రెండో సెలూన్‌కు మారాను. అక్కడ ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకరు సీనియర్. అందరం ఆతే అని పిలుస్తాం, వాళ్ల భాషలో అక్క అని. ఆతే పని చూశాకే నాకు ఈ వృత్తి అర్థమైందంటాను. కొత్త మనిషి వస్తే ఆతే వెనక నిలబడి అద్దంలో చూస్తూ మాట్లాడదు. చిన్న స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటుంది. ఏం కావాలో అడిగి, విని, తనకు అర్థమైంది తిరిగి చెబుతుంది. జుట్టు పాయ తీసి రెండు వేళ్ల మధ్య పట్టుకుని “ఇంతేనా?” అని చూపించి, వాళ్లు తలూపాకే కత్తెర తీస్తుంది. ఎంతవుతుందో, ఎంతసేపు పడుతుందో ముందే చెబుతుంది. “కొంచెం ట్రిమ్” అంటే ఒకరికి అర అంగుళం, ఇంకొకరికి నాలుగంగుళాలు. పార్లర్లలో ఆడవాళ్లు ఏడ్చేది ఎక్కువగా ఈ కొలత దగ్గరే. పెరగడానికి నెలకు అర అంగుళం చొప్పున ఎన్ని నెలలు పడుతుందో మనం లెక్కవేసుకోం, వాళ్లు వేసుకుంటారు.

ధర సంగతీ అంతే. 2018 జనవరిలో అక్కడ 5 శాతం వ్యాట్ వచ్చింది. మా సెలూన్‌లో పట్టిక మీద పన్ను కలిపిన ధరే రాశారు. ఎవరూ గొడవ పడలేదు. పట్టికలో ఒకటి, బిల్లులో ఇంకొకటి ఉంటే మాత్రం ఎంత డబ్బున్నవాళ్లకైనా మనసు విరుగుతుంది.

ఈసారి బతుకమ్మకు నలభై రోజుల సెలవు పెట్టి వచ్చాను. వచ్చేసరికి చెల్లె షాపు ముందంతా తళతళలాడే అద్దం పెట్టించింది. రోడ్డు మీద నుంచి కుర్చీలన్నీ కనిపిస్తున్నాయి. “లోపల ఎంత మంచిగుందో బయటికి కనవడాలె కదా అక్కా” అంది. నేను వద్దన్నాను. షార్జాలో లేడీస్ సెలూన్ అద్దాలకు స్టిక్కర్ వేసి ఉంటుంది, తలుపు తీయగానే పరదా. లోపలికి మగవాళ్లు రారు. అరబ్ ఆడవాళ్లు అక్కడ తల మీద గుడ్డ తీసి, కాళ్లు చాపుకుని, గట్టిగా నవ్వుకుంటూ కూర్చుంటారు. మనవాళ్లకు అది అక్కర్లేదా? పై పెదవికి క్రీము రాసుకుని, నెత్తికి రంగు పెట్టుకుని కూర్చున్న టీచరమ్మ, రోడ్డు మీద తన స్టూడెంట్ పోతుంటే ఏమైపోవాలి? రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి సగం ఎత్తు దాకా మసక స్టిక్కర్, లోపల పరదా. ఫొటోల దగ్గర ఇంకో గొడవ. వచ్చిన ప్రతి ఒక్కరి జడ ఫొటో తీసి స్టేటస్‌లో పెడతానంది. పెళ్లికూతురిదైనా సరే, అడగకుండా పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

మా ఇద్దరి వాదన మా మధ్యే ఉంటే ఏం లాభమని, ఎంగిలిపూల రోజు వేయి స్తంభాల గుడి దగ్గర, సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ అడిగాను, కొత్త పార్లర్ వస్తే ఏం కావాలని. ఎవరూ ఫలానా ఫేషియల్ కావాలనలేదు. ఎంజీఎంలో నర్సుగా చేసే ఒక వదినె, “నా డ్యూటీ దిగేసరికి ఎనిమిదైతది, అప్పటికి మీరు షట్టర్ గుంజేస్తరు” అంది. యూనివర్సిటీ హాస్టల్ పిల్ల ఒకతి, పోయిన ప్రతిసారీ రంగు తక్కువుందంటారని, ఆ మాట అననిచోటుంటే ఎంత దూరమైనా పోతానని చెప్పింది. చంకలో బిడ్డ ఉన్న ఇంకొకామెకు పాపను కూర్చోబెట్టడానికి చోటు కావాలి. మా పెద్దమ్మ వయసావిడ చాలాసేపు మొహమాటపడి, “భుజం లేస్తలేదు బిడ్డా. నెత్తికి నూనె పెట్టి, తలకు పోసి, జడేస్తే చాలు. గంత చిన్న పనికి పార్లర్‌కు వస్తే నవ్వుతరా?” అని అడిగింది. పదేళ్లలో నాకు ఏ మేనేజరూ ఇంత మంచి సలహా ఇవ్వలేదు.

దగ్గరుండి నేర్పాల్సినవి కొన్ని ఉన్నాయి. థ్రెడింగ్‌కు దారం కొస పళ్లతో పట్టుకోవడం మనకు అలవాటు. షార్జాలో దారాన్ని మెడకు చుట్టుకుని చేయడం నేర్చుకున్నాను. మొదటి నెల మెడ మీద ఎర్రటి గీత పడుతుంది, తర్వాత అలవాటవుతుంది. మన నోట్లోని దారం వాళ్ల కంటి మీదకు పోదు. వ్యాక్స్ పుల్లను ఒకసారి చర్మానికి తాకించాక మళ్లీ డబ్బాలో ముంచొద్దు. చక్కెర, నిమ్మరసం, నీళ్లు కాచి అరబ్ ఆడవాళ్లు చేసుకునే హలావా కూడా నేర్పాను. ఎంత జిగటగా ఉన్నా నీళ్లతో కడిగితే పోతుంది.

నల్లరంగు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. చాలా రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. పడనివాళ్లకు మొహమంతా వాచిపోతుంది, నిన్నటిదాకా పడినవాళ్లకు కూడా ఒకరోజు పడకపోవచ్చు. రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడాలి. రేపే పెళ్లి, ఇప్పుడే వేయమంటే ‘వద్దమ్మా’ అనే ధైర్యం ఉండాలి. జుట్టు సాఫు చేసే మందులు కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, ఐరన్ వేడికి ఆవిరై కళ్లు మండిస్తుంది. ఆ ఆవిరి క్యాన్సర్ తెచ్చేదని 2004లోనే తేల్చారు. కస్టమర్ ఏడాదికి ఒకసారి పీలిస్తే, చేసే పిల్ల రోజూ పీలుస్తుంది. నేను మూడేళ్లు పీల్చాను. చెల్లె పార్లర్‌లో అది పెట్టనివ్వలేదు.

పెడిక్యూర్ నీళ్లలో ముందు మన మోచేయి పెట్టి చూడాలి. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి పాదాలకు స్పర్శ సరిగా తెలియదు, కాలుతున్నా చెప్పరు. అందుకే షుగర్ ఉందా అని ముందే, పక్కవాళ్లకు వినిపించకుండా అడగమన్నాను. ఇక తల కడిగే నీళ్లు. షాపులో బోరు నీళ్లే వచ్చేవి, నల్లాల మీద తెల్లటి చార. ఆ నీళ్లకు షాంపూ నురగ సరిగా రాదు, కడిగాక జుట్టు గరుకుగా ఉంటుంది. ఎంత ఖరీదైన క్రీము రాసినా అంతే. మిషన్ భగీరథ నల్లా నీళ్లకు చిన్న ట్యాంకు వేరే కట్టించాం. లైట్ల డబ్బులు తగ్గించి దానికి పెట్టించాను.

తెరిచిన మూడో రోజు ఒక బాలింత వచ్చింది. బాబుకు నాలుగో నెల. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ముద్దగా చుట్టి కవర్లో తెచ్చుకుంది. చెల్లె హెయిర్ స్పా ప్యాకేజీ చెప్పబోతుంటే నేను చేయి పట్టుకుని ఆపాను. కాన్పయ్యాక మూడు నాలుగు నెలలకు ఇట్లా రాలడం మామూలే, చాలామందికి ఏడాదిలోపు మళ్లీ వస్తుంది, మంచిగా తిను, అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకో అన్నాను. ఆమె ఐబ్రోస్ కూడా చేయించుకోకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి చెల్లె అన్నం ముందు కూర్చుని, “ఇట్లయితే కిరాయి ఎట్ల కట్టాలె అక్కా?” అంది. దానికి నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు. ఐబ్రోస్ మీద కిరాయి వెళ్లదు. పెళ్లిళ్ల సీజన్‌లో పూల జడలు, మేకప్ ఉంటేనే ఏడాది గడుస్తుంది. మూఢం వస్తే, ఆషాఢం వస్తే పెళ్లిళ్లుండవు. మొదటి నెల నా జీతంలోంచే కిరాయి కట్టాను. రెండో నెల కూడా కడతాను. మూడో రోజు వచ్చిన ఆ బాలింత పదిహేను రోజులకు తన అత్తమ్మనూ ఆడబిడ్డనూ వెంటబెట్టుకుని వచ్చింది. అందరూ అట్లా వస్తారని నేను చెల్లెకు మాటివ్వలేదు.

షార్జా తిరిగి వచ్చేముందు ఆతే దగ్గర చూసినట్టే ఒక నోట్‌బుక్ పెట్టించాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ. వాళ్ల పేరు పక్కన ఫోన్ నంబరు ఉన్నా లేకపోయినా, వాళ్లకు ఏది పడదో, ఏది ఇష్టం లేదో ఉండాలి. చెల్లె ఏ పని చేసినా దాని గురించి నన్ను అడుగుతుంది, రాత్రిపూట ఆ పేజీలు ఫోన్‌లో చదివి వినిపిస్తుంది. ఇక్కడ పదిన్నర, అక్కడ పన్నెండు. నిన్న చదివిన పేజీ ఇది:

“భుజం నొప్పి పెద్దమ్మ. ప్రతి శుక్రవారం పొద్దున. కుడిచేయి లేవది, గౌను ముందు కుడిచేయికే తొడగాలె. నీళ్లు గోరువెచ్చగ. జడ మరీ గట్టిగ వద్దు. కొడుకు అమెరికాల ఉన్నడు, ఆయన ముచ్చట తనంతట తను తీస్తేనే మాట్లాడాలె.”