శంకర్ గీసిన బేతాళుడు

మా ఇంట్లో అట్టలు ఊడిపోయిన పాత చందమామలను ఇప్పటికీ ఇనప్పెట్టెలో దాచుకున్నాను. వాటిని తెరిచినప్పుడల్లా కథకంటే ముందు నా కళ్ళు వెతికేది విక్రమార్కుడి బొమ్మనే. ఒక చేత దూసిన కత్తి, భుజాన వేలాడే శవం, కాళ్ళ చుట్టూ పుర్రెలు ఉన్నా, రాజు ముఖంలో మాత్రం భయం జాడ కూడా ఉండదు.

ఆ బొమ్మను గీసిన శంకర్ అసలు పేరు కె. సి. శివశంకరన్. తమిళనాడులో 1924లో పుట్టి, మద్రాసు ప్రభుత్వ కళాశాలలో చిత్రకళ నేర్చుకున్న ఆయన, మొదట ఒక తమిళ పత్రికలో పనిచేసి, 1950ల తొలినాళ్ళలో చందమామలో చేరి, దాదాపు అరవై ఏళ్ళపాటు అక్కడే బొమ్మలు వేశారు. ఒకే పత్రికకు జీవితమంతా ఇచ్చిన చిత్రకారులు మన దేశంలో అరుదని నా అభిప్రాయం.

చందమామ ఎన్నో భాషల్లో వెలువడినా బొమ్మలు మాత్రం అన్నిటికీ అవే కావడంతో, తెలుగు పిల్లవాడూ ఒరియా పిల్లవాడూ ఒకే విక్రమార్కుణ్ణి చూస్తూ పెరిగారు. చదవడం రాని పిల్లలకు సైతం కథ అందాలంటే, రాజు ఎవరో, మంత్రి ఎవరో తలపాగాలోనూ నిలుచున్న తీరులోనూ తెలిసిపోవాలి; శంకర్ గీతలో ఆ స్పష్టత పుష్కలంగా ఉంది.

వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాల రంగుల గురించి మనవాళ్ళు ఎంతో రాశారు, అది న్యాయమే. లోపలి పేజీల్లో నెలనెలా శ్రమించిన శంకర్ గురించి తెలుగులో రాసింది మాత్రం తక్కువనిపిస్తుంది. 2020 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. పద్మశ్రీ ఆ మరుసటి ఏడాది, మరణానంతరం ప్రకటించారు. ఆ గౌరవం ఆయన చేతికి అందలేదన్న బాధ నాకు ఇంకా ఉంది.