మోకాలి కింద దిండు

సంక్రాంతికి ఊరెళ్లి వాలీబాల్ ఆడుతూ, ఎగిరి దిగేటప్పుడు నా కుడి మోకాలు టప్‌మంది. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, పూర్తిగా తెగిందని తేలింది. ఫిబ్రవరిలో ఆపరేషన్ చేశారు. తొడ వెనక నుంచి నరంలాంటి పట్టీ ఒకటి తీసి, తెగిన దాని స్థానంలో బిగించారట. నడుముకు మత్తిచ్చారు, నిద్రపోయాను. దాని గురించి అంతకంటే చెప్పడానికేం లేదు. అసలు కథంతా ఇంటికొచ్చాకే.

మత్తు పూర్తిగా దిగిన రాత్రి నా బాధ చూడలేక అమ్మ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది. ప్రాణం లేచొచ్చింది. వారం పాటు అలాగే పడుకున్నాను. ఫిజియోథెరపీకి వెళ్తే మేడమ్ మొదట అడిగింది నొప్పి గురించి కాదు, "దిండు ఎక్కడ పెట్టుకుంటున్నారు?" అని. కాలు చాపమన్నారు. మోకాలి వెనక ఆవిడ చెయ్యి దూరేంత సందుంది. మడత కాస్త ఆలస్యమైనా రాబట్టుకోవచ్చట. కాలు పూర్తిగా చాపడం మాత్రం మొదట్లోనే రాకపోతే కుంటు మిగిలిపోవచ్చట. దిండు మడమ కిందికి మారింది. మోకాలు గాల్లో, రోజుకు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు. ఆ పది నిమిషాలూ గోడ గడియారం నడిచేది కాదు. సందు పోవడానికి మూడు వారాలు పట్టింది.

మాత్రల దగ్గరా తెలివితక్కువ పనే చేశాను. ఓర్చుకోవడం మగతనం అనుకుని మానేశాను. నొప్పికి కాలు బిగబట్టుకుంటుంటే వ్యాయామం ఎక్కడ సాగుతుంది? డాక్టరు రాసిన మాత్రే, వ్యాయామానికి ముప్పావుగంట ముందు వేసుకోమన్నారు. తర్వాత తువ్వాలులో చుట్టిన ఐసు పావుగంట. ఇంకో వింత ఏంటంటే, మోకాలు వాస్తే తొడ కండరం పనిచేయడం తగ్గిస్తుందట. తొడ బిగించమంటే నా కాలే నా మాట వినలేదు!

"పదికి ఎంత నొప్పి?" అని ప్రతిసారీ అడిగేవారు. నేను ఎప్పుడూ ఎనిమిదే అనేవాణ్ని. మూడు, నాలుగు దాకా ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి తగ్గిపోవాలి, వాపు పెరగకూడదు, అదీ ఆవిడ లెక్క. ఐదో వారంలో ఉత్సాహం ఆపుకోలేక మూడంతస్తులు ఎక్కి దిగాను. ఆ పూట ఏమీ కాలేదు. పొద్దున్నే మోకాలు బోండాంలా ఉంది. రెండు రోజులు వెనక్కి వెళ్లాను, తిట్లు అదనం.

ఒక రాత్రి పిక్కలో నొప్పి పుట్టి టెన్షన్ పడ్డాను. పిక్క వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో, తెల్లారేదాకా ఆగొద్దని ముందే చెప్పారు. వెంటనే వెళ్లి స్కాన్ తీయించుకున్నాం. ఏమీ లేదు. ఖర్చుకు నేనేం బాధపడలేదు.

మూడో నెలకి నొప్పి దాదాపు పోయింది. అప్పుడే జాగ్రత్తగా ఉండమన్నారు. కొత్త పట్టీ లోపల ఇంకా కుదురుకోలేదు, నొప్పి లేదు కదా అని గెంతితే మళ్లీ తెగొచ్చట. తొమ్మిది నెలలు దాటేవరకు వాలీబాల్ మాటెత్తొద్దన్నారు.

ఇప్పుడు ఐదో నెల. మెట్లు మామూలుగానే దిగుతున్నాను. బాసింపట్టు మాత్రం ఇంకా కుదరడం లేదు, మొన్న పెళ్లిలో అందరూ పంక్తిలో కూర్చుంటే నాకొక్కడికీ కుర్చీ వేశారు.