ఏమీ లేదక్కడ

పన్నెండున్నర అయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర విన్న మాట ఒకటి పంటికింద రాయిలా ఇప్పటికీ తగుల్తోంది. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

వచ్చింది ఈయన పాత ఆఫీసు స్నేహితుడూ ఆయన భార్యా. వాళ్ళబ్బాయి శాన్ డియాగోలో ఉన్నాడట, మార్చిలో వెళ్తున్నారట. "అటువైపు చూడాల్సినవి ఏమైనా చెప్పండి" అని ఆవిడ నన్నే అడిగారు. నేను చారు వడ్డిస్తూ నోరు తెరిచేలోపు ఈయన అందుకున్నారు. "ఎక్కడికైనా వెళ్ళండి గానీ ఆ ఎడారికి మాత్రం వెళ్ళకండి. పువ్వులు చూద్దామని మా ఆవిడ తీసుకెళ్ళింది. రెండు గంటలు కొండదారి, చిన్నదానికి వాంతులు. తీరా వెళ్ళాక ఏమీ లేదక్కడ. ఇసకా రాళ్ళూ."

అందరూ నవ్వారు. నేను చారుగిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళి పెరుగు వేసింది నేనో చిన్నదో కూడా గుర్తులేదు.

అంట్లు తోముతున్నంతసేపూ అదే. ఏమీ లేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్న మాట ఇది. అనంతపురం అనగానే ఎవరైనా ముందు అనేది అదే. పెళ్ళయిన కొత్తలో అత్తయ్యగారు మొదటిసారి మా ఊరొచ్చి, బస్సు దిగి, చుట్టూ ఒకసారి చూసి, "ఇక్కడేం పండుతుందమ్మా, ఏమీ లేదు కదా" అన్నారు. ఆవిడ మనసులో చెడు లేదు. కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి. కాలవగట్టూ కొబ్బరితోటా లేని చోటు ఆవిడ కంటికి ఖాళీగానే కనిపిస్తుంది. కానీ బస్సు దిగిన చోటినుంచి మా ఇంటిదాకా దోవ పొడుగునా తంగేడు పూసి ఉంది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. రెండు పక్కలా పసుపు. ఆవిడ చీర అంచు ఆ కొమ్మలకి తగుల్తూనే నడిచారు. నేను కొత్త కోడల్ని, ఏమీ అనలేదు. ఆ రోజు అనని మాట ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది.

ఈయనదీ అదే చూపు. బెంగుళూరు ఈయనకి ఇంత నచ్చడానికీ అదే కారణం అనుకుంటాను. ఇక్కడ తల ఎత్తితే చాలు, పువ్వు. లాల్‌బాగ్ చూసుకున్న క్రుంబిగల్ కాలం నుంచీ, ఒకటి రాలిపోయేసరికి ఇంకోటి పూసేలా చెట్లు ఎంచి నాటారు. 1980ల్లో నెగిన్హాల్ గారు అటవీ అధికారిగా ఊరంతా లక్షల మొక్కలు పెట్టించారు. ఇవాళ వచ్చినవాళ్ళు కూడా అరగంటసేపు ఫోన్లో గులాబిరంగు టబెబుయా పూలే చూపించారు. బాగుంటాయి, కాదనను. ట్యాంకర్ల కోసం కాపలా కాసిన 2024లో కూడా మా వీధి చివరి చెట్టు విరగబూసింది. ఆ రోజుల్లో దాన్ని చూస్తేనే నాకు కాస్త ఊపిరాడేది.

సరే, ఎడారి సంగతి. 2018 మార్చి. చెల్లి పురుటికి అమెరికా వెళ్ళినప్పటి మాట. అంతకు ముందు ఏడాది, 2017లో, శాన్ డియాగో దగ్గరున్న ఆ ఆంజా-బొరేగో ఎడారి పూలతో నిండిపోయింది. చూడ్డానికి జనం ఎగబడి, బొరేగో స్ప్రింగ్స్ అనే ఆ చిన్న ఊళ్ళో హోటళ్ళలో తిండి కూడా అయిపోయిందట. 2019లో మళ్ళీ అలాగే పూసింది. మేం వెళ్ళింది సరిగ్గా ఆ రెంటి మధ్యన. ఆ చలికాలం అక్కడ వాన సరిగ్గా పడనే లేదు.

అసలు పడే ఏడాదైనా ఎంతని! ఆరు అంగుళాల లోపే. మా అనంతపురానికి సగటున పడే 550 మిల్లీమీటర్లలో దాదాపు నాలుగో వంతు. ఆ ఎడారి ముందు మా ఊరు కోనసీమే.

అక్కడి విజిటర్ సెంటర్ నేలలోకి దించి కట్టారు, దాని కప్పు మీద కూడా ఎడారి మొక్కలే పెరుగుతుంటాయి. లోపల బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ చాలా ఓపిగ్గా చెప్పింది. మైదానంలో వెతక్కండి, ఎండిన వాగుల్లోకి దిగండి, బండల నీడన చూడండి, తారురోడ్డు అంచున చూడండి, పడిన నాలుగు చినుకులూ రోడ్డు మీంచి జారి అక్కడికే చేరతాయి అని. పొట్ట మీద పడుకుంటే గానీ కనపడని చిన్న పువ్వుల్ని వాళ్ళు బెల్లీ ఫ్లవర్స్ అంటారట. ఇవాల్టికి ఇవే అంది.

ఒకోటీయో అనే ఎడారి పొద మాత్రం వెతక్కుండానే కనిపించింది. మొదట్లోంచి పదీ ఇరవై ముళ్ళ కర్రలు పైకి లేచి ఉంటాయి, ఎవరో కట్టెలమోపు నిలబెట్టి వెళ్ళినట్టు. మేం చూసినప్పుడు వాటికి ఆకన్నది లేదు. ఒక్కో కర్ర చివర మాత్రం ఎర్రటి పూగుత్తి. ఆకు లేకుండా పూసిన మోదుగే గుర్తొచ్చింది. ఎంత కరువు ఏడాదైనా ఇది పూస్తుందట. హమ్మింగ్‌బర్డ్ ఒకటి వచ్చి గుత్తి గుత్తి దగ్గరా ఆగి వెళ్ళింది.

తర్వాత వాగులో ఒక పువ్వు. దాని పేరు పర్పుల్ మ్యాట్. వానలు బాగా పడితే చాపలా పరుచుకుంటుందని ఆ పేరు. మేం చూసింది చాప కాదు, చాపలో ఒక్క పోగు. మొక్క మొత్తం నా బొటనవేలి గోరంత. నాలుగు ఆకులు, ఆకుల నూగుకి అంటుకున్న ఇసక రేణువులు, మధ్యలో అయిదు రేకుల ఊదా పువ్వు ఒక్కటే. పువ్వు మిగతా మొక్కకంటే పెద్దదిగా ఉంది. ఉన్న కాస్త తడిలో కాండం, కొమ్మలు అన్నీ మానేసి, తిన్నగా పువ్వు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక విత్తనం పెట్టేస్తే దాని పని అయిపోతుంది. ఎంతసేపు చూశానో తెలీదు, లేచేసరికి మోకాళ్ళ మీద గులకరాళ్ళ అచ్చులు పడ్డాయి.

అక్కడే జేజి, మా నాయనమ్మ, గుర్తొచ్చింది. జూన్‌లో మొదటి వాన పడగానే ఊరంతా శెనక్కాయ విత్తనం తీసేవాళ్ళు. మా జేజి మాత్రం చేనికి పోయి, నేలలోకి చెయ్యి దించి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూసేది. "ఇంగా పదును కాల్యా పాపా. జానెడు లోపలికి తడి దిగాల" అనేది. పక్క చేన్లో విత్తుతుంటే నాయనకి కాలు నిలిచేది కాదు. జేజి కదిలేది కాదు. పైపై తడికి మొలిచి, తర్వాత వాన మొహం చాటేస్తే విత్తనం ఖర్చూ పోయె, పంటా పోయె. ఆ నష్టం ఆమె ఎన్నిసార్లు చూసిందో. శెనక్కాయ సాళ్ళ మధ్య కందీ ఆముదమూ అలసందా వెయ్యకుండా కూడా ఒప్పుకునేది కాదు. ఒకటి పోతే ఒకటైనా చేతికొస్తుందని.

ఆ ఎడారి విత్తనాలూ పదును చూసుకునే మొలుస్తాయి. ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త ఎడారి మట్టి తెచ్చి, దాని మీద వానలా నీళ్ళు చల్లి చూశాడు. కొద్దిగా చల్లితే మొలవలేదు. కింది నుంచి తడిపితే, మట్టి ఎంత నానినా మొలవలేదు. గట్టి వాన పడినంత నీళ్ళు పైనుంచి పడ్డాకే మొలిచాయి. విత్తనం పైపొరలో మొలకని ఆపే పదార్థం ఏదో ఉంటుంది, అది కడుక్కుపోవాలంటే అంత వాన కావాలి. ఒకవేళ ఆ వాన పడ్డా అన్నీ ఒకేసారి లేవవు. కొన్ని వచ్చే ఏటికి మట్టిలోనే ఉండిపోతాయి. అంటే 2019లో పూసినవాటిలో ఎన్నో ఆ రోజు మా చెప్పుల కిందే ఉన్నాయి. దాన్ని పట్టుకుని ఏమీ లేదంటారా?

ఇంతవరకు రాసి, ఆ పువ్వు ఫోటో ఒకసారి చూద్దామని పాత హార్డ్ డిస్క్ తీశాను. ఇప్పుడు రాసినదంతా కొట్టేయాలా అనిపిస్తోంది.

ఆ రోజు ఫోటోల్లో మొదటి పదీ పన్నెండూ పార్కింగ్ దగ్గరివి. అన్నిట్లోనూ నా మొహం మాడ్చుకునే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. కారు దిగగానే "ఇంత దూరం వచ్చాం, ఏమీ లేదు కదా ఇక్కడ" అన్నది నేను. 2017 ఫోటోలు పెట్టుకుని, కొండలు కొండలే పసుపుపచ్చగా ఉంటాయనుకుని వెళ్ళాను. వెనక్కి తిరిగి పోదామని కూడా అన్నాను. చిన్నదాన్ని వెంటేసుకుని వాగులోకి దిగింది ఈయన. "ఇటు రావోయ్, ఇదేంటో చూడు" అని కేకేసింది ఈయన. ఎండకి ఫోటో తెల్లగా వస్తోందని టోపీ తీసి ఆ పువ్వుకి నీడ పట్టారు. ఫోటో అంచున ఆ టోపీ, ఈయన రెండు వేళ్ళూ ఉన్నాయి. ఆ రోజు మొత్తం పదకొండు పువ్వులు దొరికాయి, చిన్నది లెక్కపెట్టింది. నాకు నేనుగా కనిపెట్టినవి మూడే.

మరి అలాంటప్పుడు, కోపం పోవాలి కదా? పోలేదు. వాగులో గంటసేపు వంగి వెతికిన మనిషి, టోపీ తీసి నీడ పట్టిన మనిషి, నలుగురిలో కూర్చోగానే ఏమీ లేదనడం ఎందుకు? తెలియక అంటే అత్తయ్యగారి మాటలాగే ఊరుకునేదాన్ని. ఈయన చూశారు. చూసి కూడా అన్నారు. పొద్దున కాఫీల దగ్గర ఆ ఫోటో ముందు పెట్టి అడుగుతాను. ఆ టోపీ ఇంకా అటక మీద సూట్‌కేసులోనే ఉండాలి.

భోజనానికి వచ్చిన ఆవిడకి కూడా రేపు ఫోన్ చెయ్యాలి. అక్కడ ఈ ఏడు వాన ఎంత పడిందో నేను చూడలేదు. పడినా పడకపోయినా వెళ్ళమనే చెప్తాను. మార్చి మూడో వారం అయితే ఒకోటీయో ఎలాగూ ఉంటుంది. చిన్నపిల్లలుంటే కొండదారికి నిమ్మకాయ దగ్గర పెట్టుకోవాలి. వాగులో మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత తువ్వాలు ఒకటి తీసుకెళ్ళాలి.